లోపలి పిడి

మేస్త్రీ స్నానం చేస్తున్నంతసేపూ ఇంట్లో వాళ్ళెవరూ ఆ వైపు తల తిప్పేవారు కాదు. స్నానాలగది తలుపు ఎప్పుడూ జానెడు తెరిచే ఉండేది మరి. తలుపు దానంతటది మూసుకుపోకుండా కింద ఒక ఇటుక ముక్క, ఆ ఇటుక జరిగిపోకుండా దానికి ఆనించి ఒక నీళ్ళ బకెట్టు. ఇంటికి చుట్టాలొస్తే ఆయన భార్య ఆ గది ముందు పీట వేసుకుని, కూరగాయలు తరుగుతూ కాపలా కాసేది. "ఏవండీ, త్వరగా కానివ్వండి. బెండకాయలైపోయాయి, ఇంక తరగడానికేం లేవు" అని లోపలికి కేకేసేది. చుట్టాలు ముఖాలు పక్కకి తిప్పుకుని నవ్వుకునేవాళ్ళు. మేస్త్రీ కూడా నవ్వేవాడు గానీ ఇటుక మాత్రం తీసేవాడు కాదు.

వీధిలో అందరూ ఆయన్ని ఓరవాకిలి మేస్త్రీ అనేవాళ్ళు. ఎవరు పెట్టారో గానీ పేరు అతికినట్టు సరిపోయింది. విడ్డూరమేమిటంటే ఆయన చేసే పనే తలుపుల పని. అందులోనూ ఇనప తలుపులు. గోదాముల తలుపులు, దుకాణాల షట్టర్లు, డాబాల మీది రేకు తలుపులు, ఏది కుంగినా, కిర్రుమన్నా, గడియ పడకపోయినా ఆయనకే కబురు. తెరిచి ఉన్న తలుపుతో ఎంతసేపైనా కుస్తీ పడతాడు. మూసిన గదిలో మాత్రం ఒక్క నిమిషం నిలబడలేడు. ఎంత ఎత్తు మేడైనా లిఫ్టు ఎక్కడు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని రొప్పుతూ మెట్లే ఎక్కుతాడు. ఎవరైనా అడిగితే "మోకాళ్ళకి మంచిదిలే" అంటాడు. మోకాళ్ళు ఆ మాట ఎన్నడూ ఒప్పుకోలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ భయం ఎక్కడ మొదలైందో తెలిస్తే అంత నవ్వు రాదు. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ ఒక పాత ఇనప బీరువాలో దూరాడు. తలుపు లోపలికి లాక్కున్నాడు. బయట గడియ టక్కున పడింది. లోపల పిడి లేదు. బట్టలకి పిడితో పనేముందని అనుకుని ఉంటాడు ఆ బీరువా చేసిన మహానుభావుడు. చీకట్లో తడిమితే నున్నటి రేకు, ఆ రేకులోంచి పొడుచుకొచ్చిన స్క్రూ మొనలు. వేళ్ళు గీరుకుపోయాయి. అరిచి అరిచి గొంతు పోయింది. బయట పిల్లలు అతన్ని మరిచిపోయి ఇంకో ఆటలో పడ్డారు. చివరికి వాళ్ళక్క తువ్వాలు కోసం బీరువా తీస్తే, తడిసిన నిక్కరుతో ఆమె కాళ్ళ మీద పడ్డాడు. అప్పటి నుంచీ ఏ తలుపు చూసినా లోపలి వైపు పిడి ఉందా లేదా అని మెడ చాచి చూడటం ఆయనకి అలవాటైంది. మెడ చాచి చూడటమే. లోపలికి వెళ్ళి చూడటం కాదు.

రేకు తలుపులకి వచ్చే జబ్బుల్లో ఆయనకి బాగా తెలిసింది స్క్రూ కన్నాలు గుల్లబారడం. చెక్కలోనైతే స్క్రూ పట్టుకోవడానికి లోతు ఉంటుంది. రేకు మందమెంత, అట్టముక్కంత. స్క్రూ మరలు దాని అంచు పట్టుకుని వేలాడతాయి, అంతే. రోజూ లాగగా లాగగా ఆ అంచు అరిగి కన్నం పెద్దదవుతుంది. ఇక స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, పట్టు దొరకదు. పనివాళ్ళు దీనికి చేసే వైద్యం ఒకటుంది. ఒక సైజు పెద్ద స్క్రూ బిగిస్తారు. అదీ గుల్లబారితే ఇంకో సైజు. అదీ పోతే కన్నంలో అగ్గిపుల్లలు కుక్కి, జిగురు పోసి, మళ్ళీ స్క్రూ తిప్పుతారు. అగ్గిపుల్లల చిట్కా చెక్క తలుపులది. రేకు తలుపుకి అది నాలుగు రోజుల ముచ్చట. ఈ సంగతి మేస్త్రీకి తెలీక కాదు. కానీ ఆ పని తలుపు బార్లా తీసి పెట్టుకుని, గడప మీద నిలబడి, చిటికెలో చేసెయ్యొచ్చు.

అలా ఆయన చేతిలో మాటిమాటికీ వైద్యం చేయించుకున్న తలుపు పూల గోదాంలో ఉంది. గులాబీలూ, చామంతులూ గంపల్లో దిగితే వాడిపోకుండా అక్కడొక చలిగదిలో పెడతారు. ఆ గది తలుపు లావుగా, జానెడు మందాన ఉంటుంది. లోపలొక రేకు, బయటొక రేకు, మధ్యన చలి పోకుండా నురగలాంటి తెల్లటి దిమ్మ. తలుపు వేయగానే బయటి గొళ్ళెం దానంతటదే పడుతుంది. లోపలున్న మనిషి బయటికి రావాలంటే గుండ్రటి పిడి ఒకటుంది. దాన్ని గట్టిగా నొక్కితే, తలుపు మందంలోంచి వెళ్ళే ఇనప కడ్డీ బయటి గొళ్ళేన్ని లేపుతుంది. ఆ గదిలో పనిచేసేవాళ్ళకి బయటికి దారి ఆ పిడి ఒక్కటే. ఫోను పనిచెయ్యదు, ఇనప గోడలు సిగ్నలు రానివ్వవు. అరిస్తే వినపడదు, లోపల ఫ్యాన్ల హోరు.

ఆ పిడిని తలుపుకి పట్టి ఉంచే ఇనప బిళ్ళ ఊగుతోందని గోదాం నుంచి కబురొచ్చినప్పుడల్లా మేస్త్రీ వెళ్ళేవాడు. తలుపు కింద చెక్క ముక్క దోపేవాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. స్క్రూలు బిగించి, పిడి నొక్కి చూసేవాడు. కడ్డీ కదిలేది, గొళ్ళెం లేచేది. "పనిచేస్తోంది" అని చేతులు దులుపుకునేవాడు.

ఆ గదిలో పూలు తూకం వేసే మనిషి ఒకామె ఉండేది. అందరూ కాటా అక్క అంటారు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. పూలు బయట తూస్తే వాడిపోతాయని యజమాని గొడవ చేస్తాడు కాబట్టి, తలుపేసుకుని లోపలే తూచేది. "అన్నా, కాటా తగిలించడానికి లోపల ఒక కొక్కెం బిగించి పెట్టవా?" అని ఆమె మేస్త్రీని చాలాసార్లు అడిగింది. కొక్కెం బిగించాలంటే లోపలికంటా వెళ్ళాలి. అంతసేపు తలుపు తెరిచి ఉంచితే పూలు పాడు. అంటే తలుపు మూసుకుని చెయ్యాలి. "చూద్దాంలే అక్కా, ఈసారి వచ్చినప్పుడు" అనేవాడు మేస్త్రీ, ఆమె కళ్ళలోకి చూడకుండా. ఆ ఈసారి ఎప్పుడూ రాలేదు.

ఇలా ఉండగా ఆయన ఒక్కగానొక్క కూతురు అమ్మడు అదే గోదాంలో పనికి చేరింది. చేరేదాకా ఆయనకి చెప్పలేదు. చెప్పిన రోజు మేస్త్రీ తింటున్న కంచం పక్కకి జరిపేశాడు.

"చలిగదిలోనా?"

"పూల మధ్య పని నాన్నా. ఎండ లేదు, దుమ్ము లేదు. ఊరికే కంగారు పడకు."

"తలుపేస్తారా?"

"తలుపెయ్యకపోతే అది చలిగదెలా అవుతుంది?" అని అమ్మడు నవ్వింది. తల్లి కూడా నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు.

ఆ రోజు నుంచీ ఆయనకి పగళ్ళు నిప్పుల మీద నడిచినట్టు గడిచేవి. పనిలో ఉన్నా మనసు ఆ జానెడు మందం తలుపు దగ్గరే ఉండేది. మధ్యాహ్నం ఫోను చేస్తే అందుబాటులో లేదని వచ్చేది. లోపలుందన్నమాట. మళ్ళీ చేసేవాడు. మళ్ళీ అదే మాట. సాయంత్రం వీధి మలుపులో కూతురి ఎర్ర స్వెట్టరు కనిపించేదాకా గుమ్మంలోనే పచార్లు చేసేవాడు. "పిడి ఎలా ఉంది?" ఇంట్లో అడుగు పెట్టగానే ఆయన అడిగే మొదటి మాట అదే. "భేషుగ్గా ఉంది నాన్నా, రాయిలా ఉంది" అనేది అమ్మడు. ఆ మాట విన్నాకే ఆయన కాఫీ తాగేవాడు.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఒక చెంచా పోయింది. పొడుగు కాడ స్టీలు చెంచా. ఇంట్లో సామానంతటికీ మేస్త్రీ కాడ మీద మూడు చుక్కలు కొట్టి ఉంచాడు, ఎవరింట్లోనైనా కలిసిపోతే గుర్తు పట్టడానికి. చెంచా పోయిందని ఆయన భార్య ఆ పూట ఇల్లు పీకి పందిరేసింది. పనిగట్టుకుని ఆయన వినేలా, వంటింట్లోంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి వంటింట్లోకీ తిరుగుతూ సాధించింది. ఒక చెంచాకి ఇంత రాద్ధాంతమా అని మేస్త్రీకి వింతగా తోచింది. తర్వాత మరిచిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఆయన ఒక దుకాణం షట్టరుకి గ్రీజు పెడుతూ నిచ్చెన మీద ఉండగా ఫోను మోగింది. గోదాం గుమాస్తా.

"మేస్త్రీ, చలిగది లోపలి పిడి ఊడొచ్చేసింది. మనిషి లోపలుండిపోయింది. ఉన్నపళాన రా."

"ఎవరు? ఎవరుండిపోయారు?"

అవతల ఏదో కేక వినిపించింది. ఫోను కట్టయిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. కూతురికి చేశాడు. అందుబాటులో లేదు.

నిచ్చెన ఎలా దిగాడో ఆయనకే తెలీదు. గ్రీజు చేతులతోనే సంచీ పట్టుకుని పరుగెత్తాడు. రోడ్డు మీద బళ్ళవాళ్ళు తిట్టారు. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. కళ్ళ ముందు బీరువా లోపలి చీకటే కనిపిస్తోంది. ఆ చీకట్లో ఇప్పుడు తడుముతున్నవి ఆయన చేతులు కావు, అమ్మడి చేతులు. దాని వేళ్ళు చిన్నప్పటి నుంచీ చల్లగానే ఉంటాయి. జ్వరమొచ్చినా అరచేతులు చల్లగానే ఉండేవి. అది గుర్తొచ్చేసరికి మేస్త్రీ పరుగెత్తుతూనే ఏడ్చేశాడు.

గోదాంలోకి వెళ్ళేసరికి చలిగది తలుపు తెరిచే ఉంది. దాని ముందు గుంపు. గుంపు మధ్య నేల మీద దుప్పటి కప్పుకుని కాటా అక్క కూర్చుని ఉంది. ఆమె చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతున్నది అమ్మడు.

కూతుర్ని చూడగానే మేస్త్రీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అమ్మయ్య, నా బిడ్డ కాదు" అని పైకే అనేశాడు. అన్నాక కాటా అక్క తలెత్తి ఆయన వైపు చూసింది. పెదవులు నీలంగా ఉన్నాయి. అంత పెద్ద నోరున్న మనిషి ఒక్క మాటా అనలేదు. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. చేతిలో సంచీ ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే నిలబడిపోయాడు.

జరిగింది గుమాస్తా చెప్పాడు. మిగతావాళ్ళు టీకి వెళ్ళినప్పుడు కాటా అక్క ఒక్కతే తూకం ముగిద్దామని లోపలుండిపోయింది. పని అయ్యాక పిడి నొక్కితే బిళ్ళతో సహా ఊడి చేతిలోకొచ్చింది. టీ తర్వాత అమ్మడినీ, మిగతావాళ్ళనీ ఫోను అందని వెనక రేకు షెడ్డులో పెట్టెలు కట్టడానికి పంపారు. లోపలున్నామె ఇంటికెళ్ళిందనుకున్నారు. తలుపు బాది బాది ఆమె చెయ్యి వాచిపోయింది. వ్యాను డ్రైవరు ఒక గంప కోసం తలుపు తీస్తే, ఆమె తలుపుతో పాటు బయటికి ఒరిగి పడింది.

యజమాని చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. కాటా అక్కని ఆటోలో డాక్టరు దగ్గరికి పంపుదామన్నాడు. ఆమె వెళ్ళనంది. ముందు ఈ తలుపు సంగతి చూడాలంది. యజమాని మేస్త్రీ వైపు తిరిగాడు.

"మేస్త్రీ, సాయంత్రం బండి వెళ్ళాలి. ఇప్పటికి పెద్ద స్క్రూలు బిగించెయ్యి. తీరిగ్గా తర్వాత చేద్దువుగాని."

"పెద్ద స్క్రూలు లేవు సార్" అన్నాడు మేస్త్రీ. "ఇంతకంటే పెద్దవి లేవు. ఉన్నవన్నీ నేనే వాడేశాను."

తలుపు కింద చెక్క దోపి, వంగి చూశాడు. కన్నాలు కన్నాల్లా లేవు. కిందికి సాగి, చిరిగిన నోళ్ళలా ఉన్నాయి. వేలు పెడితే తన అగ్గిపుల్లలే నాని, మెత్తబడి, వేలికి అంటుకొచ్చాయి. స్క్రూ మామూలుగా పోతే కన్నం గుండ్రంగా పెద్దదవుతుంది. ఇవి కిందికి సాగాయి. అంటే ఎవరో రోజూ ఈ పిడికి బరువు వేలాడదీస్తున్నారు.

"దీనికేం తగిలిస్తున్నారు?" అని అడిగాడు.

కాటా అక్క దుప్పట్లోంచి చెప్పింది. "కాటా. ఇంకెక్కడ తగిలించను అన్నా? లోపల గోడలు అద్దంలా ఉన్నాయి. ర్యాకుల నిండా గంపలే. కొక్కెం అడిగితే నువ్వు చూద్దాంలే అంటివి."

మేస్త్రీ సంచీ విప్పి పనిలోకి దిగాడు.

ఈసారి స్క్రూల జోలికి వెళ్ళలేదు. రేకుని నమ్మడం మానేశాడు. గోదాం వెనక తుక్కులోంచి మందపాటి ఇనప పట్టీ తెచ్చి రెండు పలకలు కోశాడు. ఒకటి లోపలి రేకు మీద, చిరిగిన కన్నాలన్నీ కప్పేలా. ఇంకొకటి సరిగ్గా దానికెదురుగా బయటి రేకు మీద. డ్రిల్లుకి పొడుగు బిట్టు తగిలించి తలుపు మందమంతా ఈ వైపు నుంచి ఆ వైపుకి కన్నాలు వేశాడు. కన్నాల్లోంచి పొడవాటి బోల్టులు దూర్చి, రెండో వైపు వాషర్లు వేసి, నట్లు బిగించాడు. ఇప్పుడు పిడి వేలాడేది రేకుకి కాదు. రెండు పలకల మధ్య తలుపంతా దాన్ని పట్టుకుని ఉంది. స్పానరు రెండుసార్లు జారి పడింది. అమ్మడు తీసి ఇచ్చింది. పక్కకి ఒరిగిపోయిన కడ్డీని తిన్నగా చేసి, నూనె పెట్టి, పిడి తొడిగాడు. దాన్ని పట్టుకుని వేలాడాడు. చీమంత కూడా కదల్లేదు. నొక్కాడు. గొళ్ళెం లేచింది.

"పనిచేస్తోంది" అన్నాడు.

"హమ్మయ్య" అన్నాడు యజమాని. "పదండి పదండి, గంపలెక్కించండి."

ఒక్కరూ కదల్లేదు. ఆడవాళ్ళంతా తలుపు వైపు చూస్తున్నారు గానీ అడుగు ముందుకు వెయ్యడం లేదు. చివరికి అమ్మడు స్వెట్టరు గుండీలు పెట్టుకుంటూ ముందుకొచ్చింది. "మా నాన్న చేసిన పని. నేను వెళ్తాను."

"అన్నా" అంది కాటా అక్క. "తలుపు తీసి ఉన్నప్పుడు ఆ పిడి ఎప్పుడూ పనిచేస్తుంది. పోయిన నెలా పనిచేసింది. అంతకు ముందూ పనిచేసింది. లోపల చలికి తలుపు పీల్చి పట్టినట్టు అతుక్కుపోతుంది. అప్పుడు నొక్కాలంటే మనిషి బరువంతా వెయ్యాలి. మూసినప్పుడు నువ్వెప్పుడైనా నొక్కి చూశావా?"

చూడలేదు. మేస్త్రీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ఎన్నో తలుపులు బాగుచేశాడు, ఒక్క తలుపుకీ అవతల నిలబడలేదు.

"నేను చూస్తాలే అక్కా" అని అమ్మడు గడప దాటబోయింది.

"ఆగు" అన్నాడు మేస్త్రీ. కూతురి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "నువ్వు బయటుండు. నేను వెళ్తాను."

అమ్మడు నమ్మలేనట్టు చూసింది. "నువ్వా? నీవల్ల కాదు నాన్నా."

కాదనే ఆయనకీ తెలుసు. కానీ ఆ పిల్లని పంపి తలుపు మూస్తే బయట నిలబడి తను ఎలా బతకాలి? ఆ ఆలోచన ఇంకా భయంగా ఉంది. రెండు భయాల్లో చిన్నదాన్ని ఎంచుకుని లోపలికి అడుగు పెట్టాడు. "అతుక్కునేదాకా తియ్యకు. ఆ తర్వాత కాసేపు చూసి, రాకపోతే తియ్యి. మరిచిపోకు" అన్నాడు. మరిచిపోకు అన్న మాట చిన్నపిల్లాడి గొంతుతో వచ్చింది.

తలుపు మూసుకుంది. అబ్బ, ఎంత మెత్తగా మూసుకుంది! చప్పుడే లేదు. రబ్బరు అంచులు నెమ్మదిగా నొక్కుకున్నాయి, అంతే, బయటి లోకం తెగిపోయింది. పైన ఒక గుడ్డి దీపం. ఫ్యాన్ల హోరు. ఊపిరి పొగలా వచ్చింది. గులాబీల వాసన ముక్కులో గడ్డకట్టినట్టయింది. చెమట పట్టిన వీపు మీదికి చలి ఎక్కింది.

కాసేపు ఆగాలి, తలుపు అతుక్కోవాలి. ఆగలేకపోయాడు. వెంటనే పిడి మీద చెయ్యి వేసి నొక్కాడు. కదల్లేదు. ఇంకొంచెం నొక్కాడు. కదల్లేదు. అంతే, ఆయన మనిషి కాకుండా పోయాడు. అరిచాడు. అరిచిన అరుపు తనకే వినపడలేదు. అరచేతులతో తలుపు బాదాడు. బాదిన చోట రేకు మీద అప్పటికే చిన్న చిన్న సొట్టలున్నాయి. మధ్యాహ్నం కాటా అక్క పిడికిలి కొట్టిన సొట్టలు. వాటిని చూసి వెనక్కి తగ్గాడు. వెనక్కి తగ్గితే గోడ తగిలింది. గోడకి ఆనుకుని తల పక్కకి తిప్పేసరికి అది కనిపించింది.

ద్వారబంధం పక్కన, గడప మీద నిలబడ్డవాడికి ఎన్నటికీ కనిపించని మూల, ఒక పురికొస. పురికొసకి వేలాడుతూ ఒక చెంచా. పొడుగు కాడ స్టీలు చెంచా. కాడ విల్లులా వంగిపోయి ఉంది. మేస్త్రీ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కాడ మీద మూడు చుక్కలు.

ఆ చెంచా ఇక్కడెందుకుందో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆయన మేస్త్రీ. పిడి ఊడిపోయినప్పుడల్లా ఆ కాడని కన్నంలో దూర్చి, లోపలి కడ్డీని నెట్టి తలుపు తీసుకుంటున్నారు వీళ్ళు. ఒకసారి కాదు. కాడ అంచులు అరిగి తెల్లగా మెరుస్తున్నాయి. ఇవాళ కడ్డీ పక్కకి ఒరిగిపోయింది కాబట్టి చెంచా వంగింది గానీ తలుపు రాలేదు. భేషుగ్గా ఉంది నాన్నా, రాయిలా ఉంది. రోజూ ఆ మాట విని తను కాఫీ తాగాడు.

ఎంతసేపు అలా నిలబడ్డాడో. అప్పటికి తలుపు పూర్తిగా అతుక్కుని ఉంటుంది. చెంచా జేబులో పెట్టుకున్నాడు. భయం తగ్గలేదు. ఆ భయంతోనే వచ్చి, పిడి మీద రెండు చేతులూ వేసి, భుజం ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేశాడు. పలక కదల్లేదు. బోల్టు కదల్లేదు. ఉస్సుమని పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడుతో తలుపు విడిపోయింది. వెచ్చటి గాలీ, వెలుతురూ ఆయన ముఖానికి తగిలాయి.

ఎదురుగా అమ్మడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నిండా నీళ్ళతో.

"వినపడలేదు నాన్నా. చెవి పెట్టి విన్నాను. ఏమీ వినపడలేదు."

మేస్త్రీ జేబులోంచి చెంచా తీసి చూపించాడు. "ఇదెన్నాళ్ళ నుంచీ ఉందక్కడ?"

అమ్మడు తల దించుకుంది. "నేను చేరిన వారం నుంచి."

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకు చెబితే భయపడతావని."

"మీ అమ్మకి తెలుసా?"

అమ్మడు కాటా అక్క వైపు చూసింది, నేల వైపు చూసింది. "చెంచా ఇచ్చింది అమ్మే నాన్నా. గట్టిది చూసి తనే ఏరి ఇచ్చింది. నువ్వు అడుగుతావని ముందే పోయిందని గొడవ చేసింది. సాయంత్రం నేనొచ్చేదాకా అమ్మ కూడా ఏమీ తినదు. నువ్వు గుమ్మంలో ఉంటావుగా, నీకు తెలీదు. వెనక వాకిట్లో నిలబడుతుంది."

ఇంటెడు భయం తనొక్కడే మోస్తున్నాననుకున్నాడు మేస్త్రీ ఇన్నాళ్ళూ. తన భయానికి మెలకువ రాకుండా జోకొడుతూ, ఆ ఇద్దరూ తమ భయాన్ని వాకిలికి అవతల దాచుకున్నారు. తను జానెడు సందు వదులుకుని స్నానం చేస్తుంటే, కూతురు చెంచా కాడని నమ్ముకుని ఈ గదిలో తలుపేసుకుంది. తనకి చెప్పి ఉంటే ఈ బోల్టులు ఎప్పుడో పడేవి. చెప్పగలిగేలా తనెప్పుడు ఉన్నాడు గనక!

చెంచా కూతురి చేతిలో పెట్టాడు. దాని వేళ్ళు ఎప్పటిలాగే చల్లగా ఉన్నాయి. కాసేపు వదల్లేదు. తర్వాత సంచీలోంచి వంపు తిరిగిన ఇనప కడ్డీ ఒకటీ, రెండు బోల్టులూ ఏరాడు. బ్యాటరీ డ్రిల్లు అందుకున్నాడు.

"ఇంకేంటన్నా?" అంది కాటా అక్క.

"కొక్కెం" అన్నాడు మేస్త్రీ. "ర్యాకు స్తంభానికి బిగిస్తాను. కాటా ఎంత ఎత్తులో కావాలో చెప్పు."

ఆమె దుప్పట్లోంచి వాచిన చెయ్యి తీసి తన గుండెల ఎత్తు చూపించింది. యజమాని తలుపు కింద దోపడానికి చెక్క ముక్క అందించాడు. "తీసే ఉంచుదాం మేస్త్రీ. కాసేపటికి పూలేం పోవులే."

మేస్త్రీ ఆ చెక్క తీసుకోలేదు. నుదుటి మీద చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. డ్రిల్లు పట్టుకున్న చెయ్యి వణుకుతూనే ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది.

"వద్దు సార్, మూసెయ్యండి" అన్నాడు. "లోపల ఇంకా ఏమేం ఊడిపోయున్నాయో నేను చూడాలి."